నేను కడిగేసిన గూడ్సు పెట్టెలు

ఈ ఉదయం నంద్యాల రైల్వే గేటు దగ్గర బండి ఆపుకున్నాను. గూడ్సు వెళ్తోంది. ఒక పెట్టె తలుపు గడియ కింద తుప్పు చార... సన్నగా, చూపుడువేలంత పొడవున. రైలు వెళ్ళిపోయింది, గేటు తీశారు. వెనక హారన్లు మోగేదాకా నేను కదల్లేదు.

మా చిన్నప్పుడు... మా ఇంట్లో మంచం కింద ఒక రైలు ఉండేది.

నాయన గూడ్సు షెడ్డులో హమాలీ. పగలంతా పెట్టెల్లోకి బియ్యం మూటలు మోసి, ఇంటికొచ్చి అవే పెట్టెలను జానెడేసి చేసేవాడు. పౌడరు డబ్బాల రేకు కత్తిరించి, వెనక నుంచి మేకుతో పొడిస్తే రివిట్లు వచ్చేవి. తలుపులు నిజంగానే పక్కకు జరిగేవి. పాత గొడుగు పుల్లలే పట్టాలు. వాటి కింద కంకర, ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే మా మామ పంపిన రాతిపొట్టు.

ఆ రైలు నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయేది. ఆళ్లగడ్డ మా అమ్మ పుట్టినూరు. అక్కడికి నిజం రైలు లేదు.

"బస్సులో తోడుకపోను తీరిక లేదు గానీ, మా ఊరికి రైలేస్తాండాడు దొర!" అనేది అమ్మ.

"టేషను గూడా కట్టినా గదా. ఎక్కు," అని నాయన అగ్గిపెట్టెను చూపించేవాడు.

పెట్టెలు కొత్తగా కనబడితే ఆయనకు నచ్చేది కాదు. ఎర్రమట్టిలో బంక కలిపి తుప్పు పూసేవాడు. సిమెంటు దుమ్ము, నూనె మరకలు... చివర్న సుద్ద, బంక కలిపి సన్నటి పుల్లతో అంకెలు, అక్షరాలు. షెడ్డులో చూసిన రాత మరిచిపోకుండా దారంతా అరచేతిలో వేలితో దిద్దుకుంటూ వచ్చేవాడు. ఒక్కో పెట్టెకు వారం పట్టేది.

"ఏం రాసినావు నాయనా?"

"ఏమో పాపా. ఆడ యెట్లుందో అట్లే."

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు మా కాన్వెంటులో ఎగ్జిబిషన్ పెట్టారు. ఏది తెచ్చినా శుభ్రంగా ఉండాలన్నారు సిస్టర్. నాయన పనికి పోయాక ఎనిమిది పెట్టెలూ తొట్టి దగ్గర పెట్టుకుని, సబ్బుతో, కొబ్బరిపీచుతో తోమాను. తుప్పు పోయింది. అక్షరాలూ పోయాయి. రేకు తళతళలాడింది. ఎంత సంతోషపడ్డానో...

సాయంత్రం నాయన గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏంది పాపా ఇది?"

"మురికిగా ఉండాయని కడిగినా నాయనా."

ఒక పెట్టె తీసి వెలుగుకు పట్టాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"బాగుండాయిలే. పెండ్లికి పోయేటట్ల ఉండాయి," అన్నాడు.

అమ్మ నన్ను కొట్టబోతే అడ్డం వచ్చాడు. "పసిది, దానికేం తెలుసు. మల్ల రాస్తాలే."

రాయలేదు. ఒకరోజు పుల్ల పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. "చూసి రాయనీకి ఆ పెట్టెలు ఇప్పుడు యాడుండాయో..." అని లేచాడు. ఆ తర్వాత కొత్త పెట్టె కూడా చేయలేదు. నేను పదో తరగతిలో ఉండగా పోయాడు. తప్పయింది నాయనా అని నేను ఒక్కసారీ అనలేదు.

ఇప్పుడు ఆన్‌లైన్‌లో తుప్పు, మరకలతో సహా బొమ్మ గూడ్సు పెట్టెలు దొరుకుతున్నాయి. నాయన చేసినవి మాత్రం నా పుస్తకాల అరలో మెరుస్తూ ఉన్నాయి. ఒకసారి నేనే వాటి మీద అంకెలు రాశాను. గుండ్రటి కాన్వెంటు రాత... తుడిచేశాను.

మురికి అనుకుని మీరూ ఏదైనా కడిగేసుకున్నారా... ఉంటే చెప్పండి, చదువుతాను.

మా నాయనకు చదువు రాదు. నా ప్రోగ్రెస్ కార్డుల మీద కూడా వేలిముద్రే వేసేవాడు.