దుప్పట్లత్త చెప్పిన ఇంగ్లీషు

ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడిచే పెద్దావిణ్ణి అందరూ దుప్పట్లత్త అనేవారు. ఒకప్పుడు చిన్న ప్రైవేటు బడిలో ఆరో తరగతికి ఇంగ్లీషు చెప్పిన మనిషి. బడి మూతపడింది. డిగ్రీ లేనందుకు ఇంకో బడి రానివ్వలేదు. "నల్లబల్ల పోయి తెల్లదుప్పటి వచ్చింది, అంతే" అని నవ్వేసేది.

ఆవిడ సాయం కోరి వచ్చింది వార్డులు తుడిచే పొడుగుపిల్ల. పేరుకే పిల్ల, ఇద్దరు బిడ్డల తల్లి. ఏళ్ళ తరబడి కాంట్రాక్టు బతుకు. వార్డు సహాయకురాలి పర్మనెంటు ఉద్యోగానికి రెండుసార్లు వెళ్ళి, ఇంగ్లీషు రాదని రెండుసార్లూ ఉత్తచేతులతో తిరిగొచ్చింది. రోగిని పక్కకి ఒత్తిగిలించడానికి ఇంగ్లీషెందుకని అడిగిన నాథుడు లేడు. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది, ఇక జన్మకి తుడుపుగుడ్డే.

"నాకు నాలిక తిరగదత్తా."

"తిరక్కపోతే చేతులు తిప్పు. ఈ కొస పట్టుకో."

పెద్ద దుప్పటికి ఇద్దరు మనుషులు కావాలి. భోజనాల వేళ ఇద్దరూ చెరో కొసా పట్టుకునేవారు. మొదటి మడత అయిపోయిన పని. రెండోది ఇప్పటి పని. ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలిపితే రేపటి పని. వాష్డ్, వాష్, విల్ వాష్.

"కొన్ని క్రియలు బుద్ధిమంతులు. చివర ఈడీ తగిలిస్తే నోరెత్తకుండా నిన్నటికి పోతాయి. కొన్ని పెంకిఘటాలు, వేషమే మార్చేస్తాయి. గివ్‌కి నిన్నేంటి?"

"గివ్‌డ్."

"నీ మొహం! గేవ్. రేపటికైతే ముందు విల్ పెడితే సరి. రేపటితో పేచీ లేదే, చిక్కంతా నిన్నటితోనే."

"మా ఇంట్లోనూ అంతే వదినా, పోట్లాటలన్నీ నిన్నటివే" అన్నాడు ఇస్త్రీ ఆయన ఆవిర్ల మధ్య నుంచి.

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురు కూర్చున్నారు. పొద్దున రోగికి ఏం చేశావు, ఇప్పుడేం చేస్తావు, సాయంత్రం ఏం చేస్తావు, ఇంగ్లీషులో చెప్పమన్నారు. పొడుగుపిల్ల నోరు తెరిచింది. మాటకన్నా ముందు చేతులు గాల్లో కదిలాయి.

"ఏమ్మా, చేతులకేమైంది?" అన్నాడు పెద్దాఫీసరు.

"మడత పెట్టందే మాట రాదు సార్. ఆ బల్లమీది గుడ్డ ఒక్కసారి ఇప్పించండి."

ఆయన మొహం ముడుచుకుంది. పక్కనున్న పెద్ద నర్సు మాత్రం నవ్వాపుకుంటూ గ్లాసులు పక్కకి జరిపి, గుడ్డ లాగి, తనే రెండో కొస పట్టుకుంది.

"ఐ గేవ్ వాటర్." ఒక మడత. "నౌ ఐ చేంజ్ ద షీట్." ఇంకోటి. నర్సుకి ఎదురు నడిచింది. "ఐ విల్ టెల్ ద డాక్టర్."

ఉద్యోగం వచ్చింది. కాగితం చేతికందగానే లాండ్రీకి పరిగెత్తి, అత్త రెండు చేతులూ పట్టుకుని బావురుమంది.

"నీ మేలు ఎట్లా మర్చిపోను అత్తా!"

"ఏడుపు తర్వాత. ముందు ఇక్కడ సంతకం పెట్టు."

అదొక అర్జీ. ఇకమీదట ఈ ఉద్యోగానికి ఇంటర్వ్యూలు మన భాషలోనే జరపాలని.

"ఇదేంటత్తా? ఇంగ్లీషు నేర్పింది నువ్వే కదా!"

"నేర్చుకోవడం మంచిదే. రాలేదని కూడు లాక్కోవడమే అన్యాయం. నీకు నేను దొరికాను. దొరకని వాళ్ళ సంగతేంటే?"

పొడుగుపిల్లకి పెద్దాఫీసరు మొహం కళ్ళముందు మెదిలింది. ఇంకా చేరని ఉద్యోగం. అయినా ఎదురుగా ఉన్నది ఎన్నో మధ్యాహ్నాలు తన అన్నం చల్లారబెట్టుకుని చదువు చెప్పిన మనిషి. కళ్ళు తుడుచుకుంది. సంతకం పెట్టి, దానికింద 'వార్డు సహాయకురాలు' అని పెద్ద అక్షరాలతో రాసింది.