సుబ్బరత్నం వెడల్పు చేసిన సందు

సుబ్బరత్నం ఉత్తుత్తి శవాన్ని మోయించి రామకోటేశ్వరరావు గారి ప్రాణం తీసిందని మా సెంటర్లో టీ బండి దగ్గర నుంచి చర్చి గేటు దాకా చెప్పుకుంటున్నారు. తప్పు. ఆ మంచం మీద ఉన్నవి రెండు బియ్యం మూటలు. రామకోటేశ్వరరావు గారి గుండెలో అప్పటికే రెండు స్టెంట్లున్నాయి. మాత్రలు మానేసింది ఆయనే, రోజూ పూరీలు తిన్నదీ ఆయనే. ఈ బెజవాడ కొండ మెట్ల మొదట్లో కూరగాయల బల్ల పెట్టుకున్నదాన్ని నేను. నా ముందు నుంచి కాకుండా కొత్తిమీర కట్ట కూడా పైకి ఎక్కదు. అందుకని జరిగింది నేను చెబుతాను, వినండి.

సుబ్బరత్నం చల్లపల్లి దగ్గర మగ్గం నేసేవాళ్ళ ఆడపిల్ల. పెళ్ళయి ఇక్కడికొచ్చింది. మొగుడు పోయి పదేళ్ళు, పిల్లల్లేరు. నూట నలభై మెట్లెక్కి సందులోకి తిరిగితే చివర్లో ఆమె గది. గది ముందు అరుగు మీద కుట్టుమిషను పెట్టుకుని చీరలకు ఫాల్స్ కుట్టేది. అరుగంటే సందులోకి కట్టుకున్నదే. మా కొండ మీద అందరూ అంతే. ఒకరు జానెడు ముందుకు జరిపితే ఎదురింటివాళ్ళు మూరెడు జరుపుతారు. బిందెలూ, బట్టలుతుక్కోవడాలూ, పిల్లల చదువులూ, తగాదాలూ అన్నీ ఆ అరుగుల మీదే.

ఎదురింట్లో తెరేసమ్మ ఉండేది. కిడ్నీలు పాడయ్యాయి, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్ళాలి. కొడుకు జాన్సన్ ఆటో నడుపుతాడు. తల్లిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ముందొకరూ వెనకొకరూ పట్టుకుని దింపేవాళ్ళు. దసరా ముందు ఆవిడ జారిపడి తుంటి విరిగింది. ఇక కూర్చోలేదు, పడుకోబెట్టే దింపాలి. సందులో మంచం పట్టదు. దుప్పట్లో వేసి మోస్తే ఆవిడ పెట్టిన కేకలు నా బల్ల దాకా వినిపించాయి. ఒక వారం వెళ్ళలేకపోతే ఒళ్ళంతా నీరుపట్టి, ఊపిరాడక చావు దాకా వెళ్ళొచ్చింది. సందు వెడల్పయితే తెరేసమ్మ ఉంటుంది, లేకపోతే పోతుంది.

ఆదివారం డ్వాక్రా మీటింగులో సుబ్బరత్నం లేచి నిలబడింది.

"అరుగులు తలా కాస్త కొట్టేసుకుందాం. మంచం పట్టేంత చాలు. ముందు నాదే కొడతాను."

"మునిసిపాలిటీకి అర్జీ పెట్టుకో," అంది సంపూర్ణమ్మ. సందు మలుపులో ఇల్లు ఆమెది. సందు మొత్తం మీద పెద్ద నోరు కూడా ఆమెదే.

"పెడితే వాళ్ళు అరుగుతో ఆగుతారా అక్కా? గోడ దాకా కొలుస్తారు. మనలో ఎంతమందికి పట్టాలున్నాయి?"

అది నిజం. నిజమే కాబట్టి ఎవరికీ నచ్చలేదు.

"తెరేసమ్మ కోసం మా అరుగులెందుకు పోవాలి? కిందికి దిగి అద్దెకుండమను."

"రేపు నీ మోకాళ్ళు పోతే నువ్వూ దిగిపోతావా?"

"నా మోకాళ్ళ జోలికొచ్చావంటే నాలుక కోస్తా రత్నం!"

మర్నాడే సుబ్బరత్నం సుత్తి అడిగి తెచ్చుకుని తన అరుగు కొట్టేసింది. మిషను చీకటి గదిలోకి పోయింది. ఇక మిగతా అరుగుల్లో ఏది ఎంత అడ్డమో తేలాలి. టేపు పెడితే వెడల్పు తెలుస్తుంది గానీ మలుపు తెలియదంది. మగ్గం గదుల్లో పెరిగిన మనిషి. పొడుగు సామాను ఏ గుమ్మంలో ఎలా తిరుగుతుందో మోసి చూస్తేనే తెలుస్తుందని ఆమె లెక్క. ఖాళీ మంచమైతే ఎలాగోలా ఒంచి దూర్చేస్తారని, తెరేసమ్మంత బరువుకి రెండు బియ్యం మూటలు పొడుగ్గా పడుకోబెట్టింది. జారిపోతాయని తాడుతో కట్టింది. మంచుకి బియ్యం తడుస్తాయని పైన తెల్ల దుప్పటి కప్పింది. కొంప మునిగింది అక్కడే.

కార్తీక సోమవారం, తెల్లవారే వేళ. జాన్సన్, ఇంకో ముగ్గురు ఆటోవాళ్ళు మంచం భుజాలకెత్తుకున్నారు. తగిలిన చోట గుర్తు పెట్టడానికి సుబ్బరత్నం ముగ్గుపిండి గిన్నె పట్టుకుని ముందు నడిచింది. చూసేవాళ్ళకి ఎలా ఉంటుందో మీరే చెప్పండి.

"అయ్యో, తెరేసమ్మ పోయింది!" అని ఎవరో కేక వేశారు. తులసి కోట ముందు దీపాలు పెడుతున్న ఆడవాళ్ళు ఎక్కడివక్కడ వదిలేసి లోపలికి పరిగెత్తారు. సంపూర్ణమ్మ గుమ్మంలో నిలబడి ఏడుపు అందుకుంది.

"వదినా! మొన్ననేగా నా దగ్గర మజ్జిగడిగి తాగావు!"

పైనుంచి తెరేసమ్మ గొంతు వినిపించింది. "ఒసే సంపూర్ణం, అడిగితే లేవన్నావు కదే!"

ఆ మాట నా బల్ల దాకా దిగొస్తే నేనైతే పడీ పడీ నవ్వాను. సందులో ఒక్కరూ నవ్వలేదు. రామకోటేశ్వరరావు గారబ్బాయి దుర్గాశంకర్ లుంగీ ఎగ్గట్టి మంచానికి అడ్డం నిలబడ్డాడు.

"బుద్ధుందా పిన్నీ? బతికున్నవాళ్ళ గుమ్మాల ముందు శవాన్ని మోయిస్తావా?"

"శవం కాదురా, బియ్యం."

"కప్పి, కట్టి, నలుగురి చేత మోయిస్తే బియ్యమైనా శవమే!"

మంచం అయిదు చోట్ల తగిలింది. అందరికంటే ఎక్కువ అడ్డం రామకోటేశ్వరరావు గారి అరుగు. ఆయన బయటికొచ్చి ఆ ముగ్గు గుర్తును కాలితో చెరిపేశారు. ఆడవాళ్ళు గుమ్మాల ముందు పసుపు నీళ్ళు చల్లుకున్నారు. పనిలో పనిగా కొన్ని నీళ్ళు సుబ్బరత్నం మీద కూడా పడ్డాయి.

ఎనిమిదో రోజు రామకోటేశ్వరరావు గారు పోయారు. అంతే, సందంతా ఒకటే మాట. చివరి చూపుకి వెళ్ళిన సుబ్బరత్నాన్ని గుమ్మంలోనే ఆపి, "సరిపోయిందా నీకు?" అన్నారు.

ఆయన కూతురు ప్రత్యూష హైదరాబాదు నుంచి రావాలని ఫ్రీజర్ బాక్స్ తెప్పించారు. అది మెట్లన్నీ ఎక్కి, ఖాళీది కాబట్టి మలుపులో నిలువునా లేపితే తిరిగి, ఆయన అరుగు దగ్గరే ఇరుక్కుంది. ఎటు తిప్పినా తిరగక, వెనక్కి పంపేశారు. గోనెసంచుల్లో ఐసు దిమ్మలు మోయించుకుని పెట్టారు. ఆ నీళ్ళు రాత్రంతా సందులో పారాయి. మర్నాడు పాడె లేచింది. సంపూర్ణమ్మ ఇంటి మలుపులో అది తిరగలేదు. నిలువునా ఒరగేసేసరికి తండ్రి జారిపోతుంటే దుర్గాశంకర్ రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు సమ్మెట పట్టుకుని తన అరుగు తనే పగలగొట్టాడు. సుబ్బరత్నం వంక చూడను కూడా లేదు. "మా నాన్నగారి కోరిక," అని అందరికీ చెప్పాడు. ఆ కోరిక ఆయన ఎప్పుడు కోరుకున్నారో నాకు తెలియదు. తర్వాత మిగతావాళ్ళూ కొట్టారు. సంపూర్ణమ్మ ఆఖర్న, ఇటుకకో తిట్టు తిడుతూ కొట్టించింది.

తెరేసమ్మ మంచం మీద పడుకుని తిన్నగా దిగింది. నా బల్ల దగ్గర ఆపించి, "ఆకాశం చూసుకుంటా వచ్చాను వదినా," అంది. ఇప్పుడు గ్యాసు బండలు గుమ్మం దాకా వెళుతున్నాయి. సంపూర్ణమ్మకి పెద్ద ఫ్రిజ్ వచ్చింది. ఎలా పట్టిందమ్మా అని అడిగితే, "అంతా మా ఆయన తెలివి," అంది.

సుబ్బరత్నంతో మాత్రం మాటల్లేవు. శవం ముందు గిన్నె పట్టిన చేతులని చీరలు ఇవ్వడం మానేశారు. పిల్లల్ని ఆ గది దాటనివ్వరు. ఇంతలో క్రిస్మస్ అయ్యాక జాన్సన్ తల్లిని హనుమాన్ జంక్షన్లో అక్క జెస్సికా ఇంటికి మార్చాడు. అక్కడ నేల మీద ఇల్లు, ఆసుపత్రీ దగ్గరే. మంచిదే. కానీ సందుకి ఇంకో మాట దొరికింది. "ఎవరి కోసం మా అరుగులు కొట్టించిందో ఆవిడే పోయింది, చూశావా!" అని సుబ్బరత్నానికి వినపడేలా అంటున్నారు.

పదకొండు రోజులైంది, సుబ్బరత్నం కిందికి దిగలేదు. ఫోను మోగడం లేదు. పైనుంచి వచ్చేవాళ్ళనడిగితే, "మాకేం తెలుసు?" అంటారు. రాత్రిళ్ళు దగ్గుతోందని సంపూర్ణమ్మ చెప్పింది, అదీ నిద్ర పాడవుతోందని ఫిర్యాదుగా. జాన్సన్‌కి ఫోన్ చేస్తే ఆదివారం వస్తానన్నాడు. ఇవాళ ఇంకా మంగళవారమే. నా ఆయాసానికి ఇరవై మెట్లే ఎక్కువ, నిన్న ముప్ఫై ఎక్కి కూలబడ్డాను.

ఇది చదివినవాళ్ళు ఎవరైనా మా కొండ వైపు వస్తే ఒక్కసారి ఎక్కి చూడండి. సందు చివర నీలం తలుపు. వెంటనే తీయకపోతే వెనక్కి తిరిగి రాకండి, పేరు పెట్టి గట్టిగా పిలవండి. తిన్నదో లేదో, జ్వరముందో లేదో చూసి, దిగేటప్పుడు నాకు చెప్పి వెళ్ళండి.