ధరల స్క్రీన్ మీద మంగళగిరి తువ్వాలు

కొత్త తువ్వాలు మడత విప్పగానే గంజి వాసన వచ్చింది. దాని వెంటే విజయవాడలో నా మొదటి ఉద్యోగం, పొద్దుటి కాఫీ, షాహీనా మేడమ్ గుర్తుకొచ్చారు.

ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల దుకాణం పైన మా ఆఫీసు. అమెరికాలో రాత్రిపూట ఆడే బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లు మాకు తెల్లవారాక మొదలయ్యేవి. బంతి బుట్టలో ఎవరు వేశారు, పాస్ ఎవరిచ్చారు, గురి తప్పి వెనక్కొచ్చిన బంతిని, అంటే రీబౌండ్‌ని, ఎవరు అందుకున్నారు అన్నవి వీడియో చూస్తూ నమోదు చేయడం మా పని. అక్కడ ఈ అంకెల మీద అంచనాల మార్కెట్లు నడుస్తాయి. 'ఫలానా ఆటగాడు ఈ రోజు పది రీబౌండ్లు అందుకుంటాడా?' అన్న ప్రశ్నకు షేరులాగే ఒక ధర ఉంటుంది. ఆట సాగేకొద్దీ పెరుగుతుంది, తగ్గుతుంది. చివరికి అవునో కాదో తేల్చేది మేం పంపే అంకె.

మా మేనేజరు షాహీనా మేడమ్ కాలేజీ రోజుల్లో బాస్కెట్‌బాల్ జట్టుకి ఆడినావిడ. మనిషి పొట్టి. తను ఎగిరి అందుకున్న బంతుల్ని కూడా పక్కనున్న పొడుగమ్మాయి పేరున రాసేసేవారని నవ్వుతూ చెప్పేవారు. నవ్వేవారే గానీ మరిచిపోలేదు.

మార్కెట్ ధరలు చూపించే స్క్రీన్ ఒకటి, మా అంకెలు కొనే క్లయింటు మా గోడకు పెట్టించాడు. మ్యాచ్ మొదలవగానే మేడమ్ దాని మీద మంగళగిరి తువ్వాలు కప్పేసేవారు. మొదటిసారి చూసినప్పుడు నా పక్క సీటు శ్రీను, "తెర వేసి నైవేద్యం పెడుతున్నారా మేడమ్?" అన్నాడు. "అవును. ప్రసాదం మ్యాచ్ అయ్యాకే," అన్నారావిడ. అప్పటినుంచి మా ఆఫీసులో దాని పేరే నైవేద్యం. సమాచారం ఎంత ఎక్కువుంటే అంత మంచిదని చదువుకున్నవాణ్ణి, నేను వాదించాను. ఆవిడ జవాబు చిన్నది: ధర చూసిన కన్ను, బంతి ఎవరికి దక్కాలో ముందే అనేసుకుంటుంది.

క్లయింటుతో మా ఒప్పందం కొనసాగుతుందో లేదో తేలాల్సిన వారం. ఒక మ్యాచ్ చివర్లో ఆటగాళ్ళు గుంపుగా బంతికోసం ఎగిరారు. నేనూ శ్రీనూ చెరో పేరు రాయడంతో తీర్పు మేడమ్ దగ్గరికెళ్ళింది. ఆవిడ మళ్ళీ మళ్ళీ చూసి, పొడుగాటి స్టార్ ఆటగాడికి ఇచ్చారు. అది అతని పదో రీబౌండ్. తువ్వాలు తీశాక తెలిసింది, అతను పది అందుకుంటాడా అన్న ప్రశ్న ఆ ఒక్కదాని మీదే నిలిచిందని. మార్కెట్ 'అవును' అని ముగిసింది.

మధ్యాహ్నం క్యారేజీలు విప్పే వేళకు ఇంకో కెమెరా వీడియో వచ్చింది. అందులో, బంతిని ముందు ఒడిసిపట్టింది అదే జట్టులోని పొట్టి కుర్రాడు. స్టార్ ఆ తర్వాత వాడి చేతుల్లోంచి తీసుకున్నాడు.

మేడమ్ వెంటనే క్లయింటుకి ఫోన్ చేశారు. తేలిపోయిన లెక్కను మళ్ళీ కదిపితే తమ పరువు పోతుందనీ, అలాగే వదిలేయమనీ అతను గట్టిగానే చెప్పాడు. ఫోన్ పెట్టేశాక అందరం ఆవిడ వైపే చూశాం. మా ఉద్యోగాలన్నీ ఆ ఒప్పందం మీదే ఉన్నాయి.

"వాళ్ళే వద్దంటున్నారు కదండీ. ఇంకెవరు చూస్తారు మేడమ్?" అన్నాడు శ్రీను.

"ఎవరూ చూడరనేగా శ్రీనూ, మనల్ని పెట్టుకుంది." వీడియోలో ఆపి ఉంచిన బొమ్మ చూపించారు. "ఆ పొట్టోడు ఎగిరాడయ్యా. అది వాడిది."

పొరపాటు తనదేనని రాసి, సరిచేసిన అంకె తన పేరుతోనే పంపారు. ఒప్పందం పోయింది. తలా ఒక దారి అయ్యాం. ఆవిడ ఇప్పుడు ఇబ్రహీంపట్నంలో ఆడపిల్లలకు ఆట నేర్పుతున్నారు. ఆ మార్కెట్ ఏమైందో మాకు తెలియదు గానీ, ఆ రీబౌండ్ మాత్రం రికార్డుల్లో నేటికీ ఆ కుర్రాడి పేరునే ఉంది. అప్పుడప్పుడూ వెతికి చూసుకుంటాను.

ఇప్పుడు నా పని కృష్ణా కాలువల నీటిమట్టాలు అంచనా వేయడం. ఇతరుల అంచనాలు నా రెండో స్క్రీన్ మీద వస్తుంటాయి. నా అంకె నేను తేల్చుకునేదాకా వాటిని చూడను. దాని మీద నేను కప్పే పాత తువ్వాలు చిరిగిపోయింది. ఈ ఉదయం కొత్తది ఆ స్క్రీన్ మీద కప్పుతుంటే, ఈ మధ్యే చేరిన అమ్మాయి ఇదేంటండీ అని అడిగింది.

"నైవేద్యం," అన్నాను.