లేదని చెప్పిన మత్తు

నిన్న ఆబిడ్స్‌లో ఒక ఆసుపత్రిలో నా ఊపిరితిత్తుల్లోకి గొట్టం వేసి చూశారు. సూది పట్టుకొచ్చిన నర్సు పిల్ల "ఫికర్ చెయ్యకమ్మా, జర నిద్ర పడ్తది, ఏం యాదికుండదు" అంది. నిజంగానే కళ్లు తెరిచేసరికి అంతా అయిపోయింది, నేను మాత్రం వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. నొప్పేమోనని కోడలు కంగారుపడింది. నొప్పి కాదు, కోపం. నలభై ఏళ్ల నాటి కోపం.

అప్పట్లో నేను నాంపల్లిలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సును. మెదక్ నుంచి వచ్చిన నాకు పని నేర్పిన పెద్ద డాక్టరుగారంటే తండ్రి తర్వాత తండ్రి. ఈ పరీక్షకు మత్తు ఇస్తే ఊపిరి ఆగిపోతుందని ఆయన చెబితే వేదవాక్కులా నమ్మాను. గొంతులో తిమ్మిరి మందు మాత్రం కొట్టి, మెలకువగా ఉన్న మనిషి నోట్లోంచి గొట్టం దించేవారు. కాళ్లు ఆయా పట్టుకునేది, తల నేను పట్టుకునేదాన్ని, మత్తు లేదా అని అడిగిన ప్రతివాళ్లకూ ఆయన మాటే అప్పజెప్పేదాన్ని. బేగం బజార్‌లో మిరపకాయల గోదాములో పనిచేస్తూ దగ్గు పట్టుకున్న మా అన్నయ్యకూ అదే చెప్పాను. చెల్లెలు చెప్పింది గనక నమ్మి పడుకున్నాడు. గొట్టం లోపల ఉన్నంతసేపూ నన్నే చూశాడు. ఏమీ తేలలేదు, నెల తర్వాత మళ్లీ చూడాలన్నారు.

ఆ నెలలోనే డాక్టరుగారి మామగారు అదే పరీక్షకు వచ్చారు. డాక్టరుగారు తన బీరువా తాళం తీసి, చిన్న మత్తుమందు సీసా నా చేతికిచ్చి, సూది వేయమన్నారు. ముసలాయన హాయిగా గురకపెట్టాడు. ఊపిరి ఎక్కడా ఆగలేదు. మరి అందరికీ ఎందుకివ్వరని తర్వాత అడిగాను. "అందరికిస్తే లేచేదాకా రెండు గంటలు మంచం ఖాళీ కాదు సిస్టర్, లైన్ ఎప్పుడు ఖతమైతది?" అన్నారు, ఎంతో మామూలుగా. ఆ మనిషిని నేను దేవుడి తర్వాత దేవుడనుకున్నాను.

ఆ సాయంత్రమే గోదాముకు, అన్నయ్య దగ్గరికి పరుగెత్తాను. ఈసారి నిద్రపుచ్చుతారు, నేనే దగ్గరుండి ఇప్పిస్తాను, రమ్మని బతిమాలాను. అన్నయ్య బస్తా మీద నుంచి లేవలేదు.

"అప్పుడు లేదంటివి గద, చెల్లె."

నాకూ అప్పుడు తెలియదు అన్నా, అని ఏడ్చాను.

"నర్సువు. నీకు తెల్వదా?"

అంతే, మళ్లీ దవాఖాన గడప తొక్కలేదు. రోగమేమిటో తెలిసేసరికి చెయ్యి దాటిపోయింది, మరుసటి వానాకాలానికి అన్నయ్య లేడు.

ఇప్పుడు అడగకముందే నిద్రపుచ్చుతున్నారు, లేచేదాకా పక్కన ఒకరు కూర్చుంటున్నారు. డాక్టరును ఎదురడగడం మర్యాద కాదని మన ఈడువాళ్లం అనుకున్నాం గానీ, ఈ పిల్లలు అన్నీ అడిగి తెలుసుకుంటున్నారు, చూస్తుంటే సంతోషమే. నన్ను మోసం చేసింది ఎవరో నాకు తెలుసు. తనను మోసం చేసింది చెల్లెలేనని నమ్మి మా అన్నయ్య పోయాడు.