కరీముల్లా భాయ్ దమ్ పెట్టిన బొగ్గు

పాసయ్యిందండీ! మా సునీత చేసిన నానో బొగ్గు పాసయ్యింది! మా అమ్మాయికి డాక్టరేట్ వచ్చేసింది!

ఈ మాట అందరికంటే ముందు వినాల్సిన మనిషి నిన్న తెల్లారేసరికి వెళ్లిపోయారు.

కరీముల్లా భాయ్. ఏలూరులో పెళ్లిళ్లకి బిర్యానీ వండే మా భాయ్.

వాళ్లబ్బాయి ఫోన్ చేసి "నాన్న లేరు అంకుల్" అంటే, "వంట షెడ్డులో ఉంటారు, చూడు బాబూ" అన్నాను. ఆయన ఆసుపత్రిలో ఉన్నారన్న సంగతి కూడా నా బుర్రకి ఎక్కలేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. కొల్లేరు నిండా గుర్రపుడెక్క. దాన్ని ఎండబెట్టి, ఇనప డ్రమ్ములో కుక్కి, గాలి తగలకుండా మూత బిగించి, కింద మంట పెడితే బొగ్గవుతుంది. దాన్ని కాలేజీ మెషీన్‌లో కంటికి కనపడనంత సన్నగా నూరుతారు. చెరువు నీళ్లలో కలిపితే చేపలకి చేటు చేసే చెడుని పీల్చుకుంటుందట.

అదే మా అమ్మాయి చదువు.

డ్రమ్ము పెట్టుకోవడానికి జాగా ఎవరిచ్చారు? కాలేజీలో పొగ అన్నారు. మా వీధిలో "బొగ్గుల డాక్టరమ్మ" అని నవ్వారు. ఆ నవ్వినవాళ్లే పొద్దున్నుంచి నా వాట్సాప్‌లో పూలగుత్తులు పెడుతున్నారు.

పెట్టండి, పెట్టండి.

భాయ్ ఒక్కరే తన గుండిగలు పక్కకి జరిపి, "షెడ్డు నీదే బేటీ" అన్నారు.

మొదటి డ్రమ్ము పాడుచేసిందీ ఆయనే! మంట ఆరింది, చల్లారేదాకా ముట్టుకోవద్దని చెప్పి సునీత టీకి వెళ్లింది. దమ్ ఎక్కువైతే మాడిపోతుందని ఈయన కంగారు. మూత తీసేశారు.

గాలి తగిలి భగ్గుమంది. బొగ్గంతా బూడిద. ఆయన గడ్డం సగం కాలింది.

సునీత ఏడుస్తుంటే, "బిర్యానీ అయితే పెళ్లివాళ్లు నన్ను కొట్టేవాళ్లు. నువ్వు ఏడుస్తున్నావంతే, నయం" అన్నారు.

ఆ తర్వాత డ్రమ్ము ముందు కుర్చీ వేసుకుని ఒకటే కాపలా. గైడ్ సారు చెయ్యి వేయబోతే కూడా, "ఏవండీ సారూ, దమ్ మీద ఉందండీ, జరగండి!"

ఆసుపత్రి మంచం మీంచి రోజూ నాకు ఫోన్. "మన బొగ్గు ఏమైంది అన్నయ్యా?"

"ఇంకా రిజల్ట్ రాలేదు భాయ్."

నిన్న ఆయన మీద మట్టి వేసి బయటికి వస్తుంటే కాలేజీ ఆఫీసు నుంచి ఫోన్.

"కంగ్రాట్స్ అండీ! సభ పెడుతున్నాం, ఫ్యామిలీతో రండి."

"రిజల్ట్ ఎప్పుడొచ్చిందండీ?"

"పోయిన వారమేనండీ. స్టేజీ మీద సర్‌ప్రైజ్ చేద్దామని ఆపాం."

సర్‌ప్రైజా!

మీ శాలువాల కోసం, మీ ఫొటోల కోసం ఒక్క ఫోన్ ఆపారా? ఆ ఒక్క మాట వింటే ఆయన నవ్వుకుంటూ పోయేవారు కదండీ!

సభకి వస్తాం. ముందు వరసలో భాయ్ భార్య, మా రహీమా చెల్లెమ్మ కూర్చుంటుంది. మైకులో ముందు ఆయన పేరు చెబితేనే మా అమ్మాయి స్టేజీ ఎక్కుతుంది. ఇది నా మాట కాదు, తన మాట.

ఒక్కొక్కరికీ నేను ఫోన్ చేయలేను. ఇది చూసినవాళ్లు ఈ రెండు కబుర్లూ దయచేసి చెప్పండి.

తాడేపల్లిగూడెంలో మా బావగారికి.

దెందులూరులో మా తమ్ముడికి.

కొల్లేరు లంకలో డెక్క కోసి పడవలో పంపిన మా పెద్దక్కకి.

రహీమా చెల్లెమ్మకి మాత్రం రిజల్ట్ సంగతి ఎవరూ చెప్పొద్దు. మేమే వెళ్తాం.

భాయ్‌కి చెప్పేశాను. నిన్న ఆ కాలేజీ ఫోన్ పెట్టేసి, మళ్లీ సమాధి దగ్గరికి వెనక్కి వెళ్లాను. సునీత గేటు దగ్గర నిలబడింది. ఆ తడి మట్టి దగ్గర కూర్చుని, గట్టిగానే చెప్పాను.

ప్రశాంతంగా పడుకోండి భాయ్. డ్రమ్ము దగ్గర మేముంటాం.