విశాఖ ఓడా, కలకత్తా ఓడా

ముందే చెప్పేస్తున్నాను, నాకు ఉన్నదున్నట్టు చెప్పే అలవాటు లేదు. మా ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం ఎంత పొడవని ఎవరైనా అడిగితే, ఈ చివర గడ్డం గీసుకుని బయలుదేరినవాడు ఆ చివరికి చేరేసరికి మళ్ళీ మంగలిని వెతుక్కోవాలని చెబుతాను. గోల్‌బజార్‌లో కొన్న చేప సంచిలో ఇంటికొచ్చేలోపే నా నోట్లో నాలుగింతలవుతుంది. కనక ఇందులో ఏదైనా మరీ పెద్దదిగా కనబడితే మీరే కొంత కోసుకుని చదువుకోండి. ఎక్కువ కోయకండి. కొన్నిచోట్ల నేనేమీ పెంచలేదు. పెంచడానికి చెయ్యి రాలేదు.

ఆ రోజుల్లో, అంటే ఎనభైల చివర్లో, మావైపు వాళ్ళు అండమాన్ వెళ్ళాలంటే రెండు ఓడలు. ఒకటి కలకత్తా రేవు నుంచి, ఒకటి విశాఖపట్నం నుంచి. నేను రెండూ ఎక్కాను. సెలవులకు ఓడ ప్రయాణం చేద్దామనుకుంటున్నాం, ఏది మంచిదంటారు, అని అడిగేవాళ్ళకు జవాబు చెప్పే అర్హత మా రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్ మొత్తం మీద నాకొక్కడికే ఉండేది. ఆ అర్హత సరదాగా వచ్చింది కాదు.

మా ఆవిడ తమ్ముడు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరడానికి వచ్చి మా క్వార్టర్లోనే ఉండేవాడు. వాడి అన్నానికని మా ఆవిడ వేరే డేగిసా కొంది. ఆ డేగిసాలో నేను కాళ్ళు ముడుచుకుని స్నానం చెయ్యొచ్చు. వాడు వర్క్‌షాపు నుంచి వచ్చేటప్పుడు వంతెన ఎక్కకుండా యార్డులో పట్టాలు దాటి వచ్చేవాడు. అందరం అలాగే వచ్చేవాళ్ళం. చలికాలం సాయంత్రాల్లో మంచూ, ఇళ్ళ పొయ్యిల బొగ్గుపొగా కలిసి ఊరంతా ఒక మాసిన దుప్పటి కప్పేవి. అలాంటి ఒక సాయంత్రం వాడు రాలేదు.

యార్డులో గూడ్సు పెట్టెల్ని విడదీసేటప్పుడు ఇంజన్ ఒక్క తోపు తోసి వదిలేస్తుంది. పెట్టె తనంతట తాను దొర్లుకుంటూ పోయి అవతల ఉన్నవాటికి తగిలి ఆగుతుంది. దానికి ఇంజన్ ఉండదు, కనక కూత ఉండదు. మంచులో అది వస్తున్నట్టు వాడికి తెలియలేదు. ఇది నేను పెంచని చోట్లలో మొదటిది.

ఆ తర్వాత మా ఆవిడ నిద్రపోవడం మానేసింది. పగలూ లేదు, రాత్రీ లేదు. రైలు కూత వినబడితే చాలు, చేస్తున్న పని అక్కడికక్కడే ఆగిపోయేది. ఆ కూత దూరమయ్యేదాకా చెవి అటే పెట్టి నిలబడేది. మా ఊళ్ళో కూతలకేం కొదవ? కాకులు కూడా సిగ్నల్ చూసుకుని అరిచే ఊరు. ఆమె మెడ దగ్గర ఎముకలు తేలాయి. జాకెట్లు వదులైపోయాయి. రైల్వే ఆసుపత్రి డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి, "మందులతో లాభం లేదు. చోటు మార్చండి. ఇలాగే ఇంకో వేసవి గడిస్తే మనిషి దక్కడం కష్టం" అన్నారు. ఆ మాట నేను ఇంటికి ఎలా మోసుకొచ్చానో నాకు గుర్తులేదు.

కూత విన్నప్పుడల్లా ఆగిపోతోంది కనక, ఆమెని తినేస్తున్నది కూతేనని నేను తేల్చేశాను. నేనే కాదు, మా క్వార్టర్ల లైనంతా తేల్చేసింది. కూత వినబడని చోటికి తీసుకెళ్ళాలి. అయితే రైల్వేవాడికి సెలవంటే పాసు, పాసంటే రైలు, రైలంటే కూత. పాసు చెల్లే ఊళ్ళన్నీ ఆలోచించి చూశాను. పూరీ, తిరుపతి, రామేశ్వరం, దేవుళ్ళందరూ స్టేషన్ పక్కనే కాపురం పెట్టారు. పట్టాలు లేని చోటంటే సముద్రం అవతలే. మా పక్క క్వార్టర్ మావయ్య, వర్క్‌షాపులో ఫిట్టరు, ఆయన చెల్లెలి సంసారం పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. ఆమె ఇంటికి వెళ్దామనుకున్నాం.

ఇక ఏ ఓడ అన్న ప్రశ్న. మా వరండాలో సభ కూడింది. ఒక పక్క ఫిట్టరు మావయ్య, విశాఖ ఓడ తరఫున. ఇంకో పక్క మా ఆఫీసు పెద్ద గుమాస్తా, బెంగాలీ దాదా, కలకత్తా ఓడ తరఫున. ఆయన తెలుగువాళ్ళ మధ్య బతికి బతికి మా భాషే మాట్లాడేవాడు, అందులో తన చేపముల్లు ఒకటి అడ్డం పెట్టుకుని.

"విశాఖోడే ఎక్కాల," అన్నాడు మావయ్య. "కొత్తోడ. లోపట కూకుంటే ఇంజనున్నాదో లేదో తెల్దు. మా సెల్లి ఎల్లినప్పుడు నానే దగ్గరుండి ఎక్కించినాను."

"ఎక్కించినావు. నువ్వు ఎక్కినావా?"

"నానెందుకెక్కుతాను దాదా? నీట్లో ఏటి పని నాకు?"

"దేఖో! సాక్షి గట్టుమీదే ఉన్నాడు," అని దాదా నావైపు తిరిగాడు. "నేను ఎక్కినాను. కలకత్తా జాహాజ్. పూరా ఒక దినం గంగలోనే. రెండు పక్కలా ఒడ్డు, కొబ్బరిచెట్లు. వేడి అన్నం, హిల్సా చేప ముక్క. విశాఖ జాహాజ్‌లో ఏమిస్తారు? సాంబారు!"

"గంగలో పోటు కోసం దినమంతా కూకుంటాదట గదా మీ ఓడ, ఔటర్ సిగ్నల్ కాడ గూడ్సుబండి నాగ?"

"కూర్చుంటే ఏమి? ఆఫీసులో నేను ఏం చేస్తున్నాను?"

మావయ్యకి ఇంకో సందేహం. "రెండిట్లోన ఓవర్‌హాల్ ఏదానికైనాదో కనుక్కో బావూ. ఓవర్‌హాల్ అవకుండా నాను సైకిలు కూడా ఎక్కను."

సాంబారు మీదా హిల్సా మీదా జరిగిన వాదన విని ఆ సాయంత్రం న్యూ సెటిల్‌మెంట్ నుంచి కూడా జనం వచ్చారని, సైకిళ్ళు ఆపుకోవడానికి చోటు చాలలేదని నేను చెబుతుంటాను. ఎంత కోసుకుంటారో మీ ఇష్టం. చివరికి నేనడిగింది ఒకటే. రెండిట్లో సద్దు దేనికి తక్కువ?

దాదా మొహం దిగిపోయింది. "ఆ ఒక్కటి అడక్కు. కలకత్తా జాహాజ్‌లో ఉన్నది ఇంజన్ కాదు, కమ్మరి షాపు. బంకు మీద పడుకుంటే పళ్ళు కదులుతాయి. దాని హారన్ కొడితే హౌరాలో ఆవు ఈనుతుంది." కాసేపు కళ్ళజోడు తుడుచుకుని, తనే తీర్పు చెప్పేశాడు. "బౌమా కోసమైతే విశాఖ జాహాజే." కోడలిపిల్లని వాళ్ళు బౌమా అంటారు.

మా ఆవిడ టీ గ్లాసులు తీసుకెళ్ళడానికి గుమ్మంలోకొచ్చింది. "నువ్వేమంటావు?" అని అడిగాను.

"ఏదైనా ఒకటేనండి," అంది.

విశాఖ ఓడ నిజంగా బాగుంది. ఆ మాట ఒప్పుకోవాలి. రేవులోంచి కొండ పక్కగా బయటికొచ్చి నేరుగా నడిసముద్రంలో పడుతుంది, మధ్యలో ఎక్కడా ఆగడం లేదు. బంకులు శుభ్రం. అన్నం వేడిగా ఉంది. మేం మాత్రం రైలెక్కినట్టే ఎక్కాం. దుప్పట్లు చుట్టిన హోల్డాలు, నీళ్ళ కూజా, దారికి పులిహోర, ట్రంకుపెట్టెకి గొలుసూ తాళం. రైల్వేవాళ్ళం ఎక్కడికెళ్ళినా పెట్టెని బెర్తు కాలికి గొలుసేసి కడతాం, మా ఒంట్లో ఉన్న జబ్బది. నేను వంగి తాళం వేస్తుంటే ఓడ కుర్రాడొకడు చూసి, "దొంగతనం చేసి ఎక్కడ దిగుతాడు సార్, షార్క్ మీదా?" అన్నాడు. నేను తాళం తియ్యలేదు. షార్కుల్ని మాత్రం నమ్మేదెలా?

అయితే ఆ నిశ్శబ్దం. మావయ్య చెప్పింది అక్షరాలా నిజం. ఇంజన్ ఎక్కడో అడుగున దూదిలో చుట్టి పెట్టినట్టుంది. మా ఆవిడ బంకు మీద కూర్చుంది. పడుకోలేదు. కూర్చునే ఉంది.

"ఇంజన్ ఆగిపోనాదేటండీ?"

"లేదు, నడుస్తోంది. సద్దు లేకపోవడమే దీని గొప్ప," అని చెప్పాను, ఆ ఓడని నేనే కట్టించినట్టు.

కాసేపటికి మళ్ళీ అడిగేది. మళ్ళీ చెప్పేవాణ్ణి. సముద్రమంతా ఆమె అలా గోడకి చెవి ఆనించుకునే దాటింది. దిగేసరికి ఎక్కినప్పటికన్నా చిక్కిపోయి ఉంది.

పోర్ట్‌బ్లెయిర్‌లో మావయ్య చెల్లెలి ఇల్లు ఒక వాలు మీద. చుట్టూ చెట్లు. మధ్యాహ్నం పూట ఆకు రాలితే వినబడుతుంది. రాలుదామా వద్దా అని ఆకు ఆలోచించుకోవడం కూడా వినబడేదని నేనంటాను. ఆ తల్లి రోజూ చేపల పులుసు చేసి, "తిను అమ్మీ, నీ ఒంట్లోన ఏటుందని? బుగ్గలు పీక్కుపోనాయి" అని బతిమాలేది. మా ఆవిడ రెండు ముద్దలు తిని గిన్నె కడిగేసేది. నిద్ర అక్కడా లేదు. పట్టాలు లేని భూమిమీదకి తెచ్చాను. ఇంతకంటే దూరం ఎక్కడికి తీసుకెళ్ళను?

ఒక మధ్యాహ్నం ఇద్దరం సముద్రం వైపు నడిచాం. దిగువన చిన్న రోడ్డు. ఖాళీగా ఉంది. ఇటు చూస్తే ఇటు చివరిదాకా, అటు చూస్తే అటు మలుపుదాకా ఏమీ లేదు, ఒక కోడి కూడా లేదు. నేను దాటేశాను. వెనక్కి చూస్తే ఆమె ఆ పక్కనే నిలబడి ఉంది. అటూ ఇటూ చూస్తోంది. ఒక అడుగు వేస్తోంది, వెనక్కి తీసుకుంటోంది.

"రా, ఏమీ రావడం లేదు," అన్నాను.

"సద్దు లేదు గదండీ," అంది.

"లేదు. అందుకే రమ్మంటున్నాను."

"సద్దు లేకుండా వచ్చిందే గదండీ మావోణ్ణి కొట్టేసినాది." ఆమె గొంతులో ఏడుపు లేదు. చిన్నపిల్లవాడికి లెక్క విప్పి చెప్పినట్టు చెప్పింది. "మన ఊర్లోన కూత ఇనబడితే, ఇది సెప్పి వస్తన్నాది, దీనికింద ఎవలూ పోరు అనుకునేదాన్ని. అది ఎల్లిపోయినదాకా నిలబడేదాన్ని. కూత ఆగిపోతేనేనండి బయం. ఇక్కడ అసలికి లేదు. పొద్దస్తమానం ఇనుకోడమే నాను."

రోడ్డు మళ్ళీ ఇటు దాటి ఆమె పక్కకి వెళ్ళి నిలబడ్డాను. వరండాలో అంతమందిమి కూర్చుని అంతసేపు వాదించి, ఏరి కోరి ఏ ఓడ ఎక్కించామో అప్పుడు అర్థమైంది. నిశ్శబ్దాన్ని చూసి వణుకుతున్న మనిషిని, తూకం వేసి మరీ, ఎక్కువ నిశ్శబ్దంలో పడేశాం. రైల్వేవాళ్ళం కదా, కూత తప్ప ఇంకేదీ మా చెవికి తగలదు.

తిరుగు ప్రయాణానికి విశాఖ ఓడకే టికెట్లున్నాయి. దాన్ని వదిలేసి ముందుగా బయలుదేరే కలకత్తా ఓడకి మార్చుకున్నాను. మావయ్య చెల్లెలు గుండె మీద చెయ్యేసుకుంది. "ఆ డొక్కు ఓడేటి బాబూ? ఇంత నలతగున్న మనిసిని తీసుకొని?" టికెట్లిచ్చే ఆయన్ని ఇంజన్‌కి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గర బంకులిమ్మని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "జైలు నుంచి వస్తున్నారా, శిక్ష ఇంకా చాల్లేదా?" అన్నాడు. మిగతా ప్రయాణికులు ఆ బంకులు వద్దని ఆయనతో పోట్లాడుతున్నారు.

దాదా కమ్మరి షాపు అన్నది తక్కువ. అది కమ్మరి షాపుల మహాసభ. బంకు ఇనుము దడదడలాడేది. గ్లాసులో నీళ్ళు వాటంతటవే తిరిగేవి. పక్క బంకు ముసలాయన కట్టుడుపళ్ళు తీసి జేబులో పెట్టుకున్నాడు. కూరలో నూనె తేలేది, చేపముక్క దాదా చెప్పినంత పెద్దది కాదు, ఏ మూల చూసినా వాంతుల వాసన. ఓడ కదిలిన కాసేపటికే మా ఆవిడ గోడకి అరచెయ్యి ఆనించి చూసింది. అక్కడ ఇంజన్ ఉంది. ఉందని చెబుతూనే ఉంది. ఆమె చెంగు తలకింద పెట్టుకుని పడుకుంది.

భోజనం గంట కొట్టారు, లేవలేదు. టీ కుర్రాడు అరిచాడు, లేవలేదు. నేను భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి ఆడుతోంది. ఆ ప్రయాణంలో ఆమె ఎంత నిద్రపోయిందో నేను పెంచి చెప్పలేను. పెంచడానికి మిగల్చలేదు.

ఓడ గంగలోకొచ్చాక పైకి తీసుకొచ్చాను. నీళ్ళు మడ్డిగా ఉన్నాయి, ఆకాశం కూడా అదే రంగు. ముందు జాలరి పడవలు. ఓడ హారన్ కొట్టింది. నా పక్కటెముకలు పక్కవాడివయ్యాయి. పడవల్లో మనుషులు తలెత్తి చూసి, తెడ్లు వేసి, ఒకటొకటే పక్కకి జరిగారు.

"సూడండి, తప్పుకున్నారు," అంది మా ఆవిడ. మళ్ళీ హారన్, మళ్ళీ పడవలు. "ఈలు కూడా తప్పుకున్నారు." కొంగు గాలికి ఎగురుతుంటే పట్టుకుని, నా వైపు తిరిగి నవ్వింది.

కనక అడిగినవాళ్ళకి నేను చెప్పేది ఇదీ. శుభ్రం కావాలంటే, వేళకి చేరాలంటే, కడుపు పదిలంగా ఉండాలంటే విశాఖ ఓడ ఎక్కండి. అన్ని విధాలా అదే మేలు. మేం మళ్ళీ వెళ్ళాల్సి వస్తే కలకత్తా ఓడే ఎక్కుతాం.

పెంచినవన్నీ మీకు తెలుస్తూనే ఉంటాయి. కల్పించింది మాత్రం ఒకటే, అది చెప్పకపోతే మీకు తెలియదు. ఆమె నవ్వలేదు. పడవల్ని చూస్తూ కళ్ళు తుడుచుకుంది, అంతే. ఆ నవ్వు నాకు కావలసి అక్కడ పెట్టుకున్నాను. తర్వాత కిందికెళ్ళి, హోల్డాలు చుట్టడానికి దుప్పట్లు మడతపెడుతూ, "బాగా తొంగున్నానండి," అంది. అది ఆమె అన్నదే.