ఇరవై నాలుగు ప్రశ్నల గోడ

గీతల మేస్త్రి రాసేటప్పుడు చదవడు. ముప్పై ఏళ్లుగా బోర్డులు రాసి బతుకుతున్న మనిషి గురించి ఇలా అంటే నిందలా వినిపిస్తుంది కానీ, ఆయన దాన్ని పనితనం కిందే జమ వేసుకుంటాడు. "చదివామా, మనసు అర్థం మీదికి పోతుంది. మనసు అటు పోయిందా, చెయ్యి వంకర పోతుంది," అంటాడు. నీలం పొడి అద్దిన దారాన్ని గోడకు ఆనించి, లాగి టప్పున వదిలితే తిన్నని గీత పడుతుంది. గంటలో రాసే రాతకు ఆయన మూడు గంటలు గీతలు కొడతాడు. ఆ పేరు అలా వచ్చింది.

రెండు నెలల కిందట నగర కార్యాలయం వాళ్లు ఆయన్ని పిలిచి వరండా గోడ అప్పగించారు. పరిపాలన అంటే ప్రజాసేవ అని ఉపన్యాసాల్లో చెబుతారు. దగ్గరికి వెళ్లి చూస్తే అది ఒక కిటికీ అంత ఉంటుంది, దాని వెనక గొంతు పోయిన గుమాస్తా ఒకాయన ఉంటాడు. జనం కౌంటరాయన అని పిలిచే ఆ గుమాస్తా, చెత్త బండి ఎప్పుడొస్తుంది, కొమ్మ కొట్టుకోవచ్చా, పెళ్లి ఎక్కడ నమోదు చేయాలి అన్న ప్రశ్నలకు రోజూ వందమందికి అవే మాటలు చెప్పి చెప్పి అలిసిపోయాడు. జనం తిప్పి తిప్పి అడిగేవి ఇరవై నాలుగు ప్రశ్నలేనని తేల్చుకుని, వాటిని గోడ మీద రాయించండి సార్ అని లోపలి సారుకు విన్నవించుకున్నాడు. కౌంటరు వెనక ఒక తలుపు, ఆ తలుపు వెనక ఇంకో తలుపు, దాని వెనక ఉండే అధికారి లోపలి సారు.

మేస్త్రి తన పద్ధతిలో తను పని చేశాడు. మొదటి రోజు ఎర్ర డబ్బా తెరిచి ప్రశ్నలన్నీ పై నుంచి కింది దాకా రాశాడు. ఒక్కో ప్రశ్న కింద జవాబుకు చోటు, ఆ చోటు కింద ఒక నల్ల గీత. రెండో రోజు నీలం డబ్బా తెరిచి, జవాబుల కాగితం ముందు పెట్టుకుని వరసగా దించేశాడు. మాటిమాటికీ రంగు మార్చి కుంచె కడుక్కోవడం ఆయనకు గిట్టదు. ఆఖరి ప్రశ్న కింద చోటు మిగిలిపోయింది. ఎందుకు మిగిలిందో ఆయనకు తోచలేదు. ఖాళీ బాగుండదని అక్కడ 'ధన్యవాదాలు' అని రాసి పక్కన ఒక పువ్వు వేశాడు. లోపలి సారు బయటికొచ్చి, పువ్వు బాగుందని మెచ్చుకుని, మేస్త్రి చేతిలో కుంచె తీసుకుని గోడ మూల స్వయంగా సంతకం పెట్టారు.

ఇదంతా మేస్త్రి మరిచిపోయేవాడే. కానీ అక్కకు నోటీసు వచ్చింది.

అక్క ఆయన కంటే ఆరేళ్లు పెద్ద. నాలుగంతస్తుల భవనం పక్కన, కాలిబాట మీద ఆమెకు ఇస్త్రీ బండి ఉంది. పదిహేడేళ్లుగా ఆ భవనంలో వాళ్ల చొక్కాల కాలర్లు ఆమె చేతి మీదుగానే నిలబడుతున్నాయి. ఆమె బతుకుతెరువు ఆ బండే, ఇంకోటి లేదు. పదిహేను రోజుల్లో అనుమతి కాగితం చూపించకపోతే బండి ఎత్తుకుపోతామని నోటీసులో ఉంది.

"ఒరేయ్ తమ్ముడూ, పదిహేడేళ్లుగా ఎవరికీ అడ్డం రాని దాన్ని ఇవాళెట్లా అడ్డమయ్యానురా?"

"కంగారెందుకక్కా? అనుమతి తెచ్చుకుంటే సరిపోతుంది. అన్నీ గోడ మీద ఉన్నాయి. నేనే రాశాను."

"ఏమని రాశావు?"

"అది నాకెట్లా తెలుస్తుంది? రాసింది నేను కదా."

అక్క ఆయన వంక ఒక్క క్షణం చూసి, ఇస్త్రీ పెట్టె దించి, చెప్పులు వేసుకుంది.

వరండా గోడ మీద వెతికితే పదకొండో ప్రశ్న దొరికింది. 'కాలిబాట మీద బండి పెట్టుకోవడానికి అనుమతి ఎలా పొందాలి?' ఎర్రగా, ముచ్చటగా ఉంది. దాని కింద నీలంగా: 'టీకా వేయించినట్టు ధ్రువపత్రం, ముఖం స్పష్టంగా కనిపించే ఫోటో తేవాలి. కార్యాలయం ఇచ్చే బిళ్ల ఎల్లవేళలా మెడలో ఉండాలి.'

"టీకా ఎవరికిరా? నాకా, బండికా?"

"నీకే అయ్యుంటుంది. బండికి మెడ లేదు కదా."

"బిళ్ల కట్టుకుని తిరగడానికి నేనేమన్నా కుక్కనా?"

మేస్త్రికి ఆ మాట ఎక్కడో తగిలింది. ఎక్కడ తగిలిందో మాత్రం అందలేదు.

కౌంటరాయన తల ఎత్తకుండానే అడిగాడు. "గోడ చదివారా అమ్మా?"

"చదవబట్టే వచ్చాను నాయనా. అవతలి వీధి బండావిడ కిందటేడు కొలతలూ, అటూ ఇటూ ఇళ్లవాళ్ల సంతకాలూ ఇచ్చి కాగితం తెచ్చుకుంది. నేనూ అవే తెస్తాను."

"కిందటేడు గోడ లేదమ్మా. ఇప్పుడుంది. ఉన్నది ఉన్నట్టు తెండి."

అక్క మొండిది. మర్నాడే బండి కొలిపించింది, రెండు పక్కల ఇళ్లవాళ్లతో సంతకాలు పెట్టించింది, ఆ కాగితాలు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుంది. టీకా మాట ఎత్తితే తమ్ముడి మీదికి ఇస్త్రీ పెట్టె ఎత్తింది. ఇక మేస్త్రే రోజూ కార్యాలయానికి వెళ్లి గోడ ముందు నిలబడడం మొదలుపెట్టాడు. తన రాతను తానే చదవడం ఆయనకు పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. ఎంత చదివితే అంత అయోమయంగా ఉంది. తనకు లోకజ్ఞానం తక్కువని, రూల్సు ఇట్లాగే ఉంటాయి కాబోలని సర్దిచెప్పుకున్నాడు. చదువుకున్నవాళ్లు కూడా అలాగే సర్దిచెప్పుకుంటున్నారని ఆయనకు తెలియదు.

ఒక మంగళవారం పొద్దున ఆరున్నరకే గేటు బయట జనం కనిపించారు. అందరి చేతుల్లో దరఖాస్తులు. ఐదో ప్రశ్న, 'దరఖాస్తు పెట్టాక ఎన్ని రోజుల్లో పని అవుతుంది?' దాని కింద, 'మంగళ, శుక్రవారాల్లో ఉదయం ఏడింటి లోపు గేటు బయట ఉంచాలి. తడివీ పొడివీ వేరు చేయాలి.'

"మాది జిరాక్సండి. పొడిదే కదా?" అని ఒకాయన అడుగుతున్నాడు.

"సంతకం సిరా ఇంకా ఆరలేదు. తడి దాంట్లో వేయనా?" అని ఇంకొకాయన.

ఏడింటికి చెత్త బండి వచ్చి రెండు కుప్పలనూ జాగ్రత్తగా ఎత్తుకుపోయింది. ఈ మధ్య కౌంటరు మీద దరఖాస్తుల రద్దీ బాగా తగ్గిందని, గోడ పెట్టిన వేళ మంచిదని కౌంటరాయన ఆనందంగా ఉన్నాడు. వరండా చివర ఒక కొత్త జంట తమ స్కూటరును టేపు పెట్టి కొలుచుకుంటున్నారు. పెళ్లి నమోదుకు బండి పొడవూ వెడల్పూ కావాలట. పెళ్లికూతురు పొడవు చెబుతుంటే పెళ్లికొడుకు రాసుకుంటున్నాడు. ఇద్దరి ముఖాల్లోనూ సందేహం ఉంది కానీ, అడిగే ధైర్యం లేదు.

పద్నాలుగో రోజున మేస్త్రి కళ్లు తెరిపించింది ఒక కుక్క. దాన్ని చంకన పెట్టుకుని ఒక పెద్దావిడ వరసలో నిలబడి ఉంది. రెండో చేతిలో పెద్ద నీలం కాగితం చుట్ట.

"ఇదేంటి పిన్నిగారూ?" అన్నాడు మేస్త్రి.

"దీని ప్లాను నాయనా. మూడు కాపీలు, పొడవు, వెడల్పు, ఎత్తు, ఇంజినీరు సంతకం. పాపం ఇంజినీరు తోకను కలపాలా వద్దా అని రెండు రోజులు తల పట్టుకున్నాడు. ఇది కుదురుగా నిలబడదాయె. నా తల ప్రాణం తోకకొచ్చింది."

"కుక్కకు ప్లాను దేనికండీ?"

"నన్నడుగుతావేం? అదిగో పన్నెండో ప్రశ్న. 'పెంపుడు కుక్కకు లైసెన్సు ఎలా?' చదువుకో. బిళ్లా, టీకా ఏమన్నా అడుగుతారేమో అనుకున్నా. ఇల్లు కట్టినంత పనైంది."

బిళ్లా, టీకా! మేస్త్రి ఒక్క అంగలో గోడ దగ్గరికి వెళ్లాడు. పన్నెండో ప్రశ్న జవాబు పదకొండు కింద కూర్చుంది. పెళ్లివాళ్ల ప్రశ్న కింద ఉన్నది అక్క బండి జవాబు. ఐదు దగ్గర నుంచి అన్నీ ఒక్కో మెట్టు పైకి ఎక్కి కూర్చున్నాయి. అందుకే చివర చోటు మిగిలింది. అందుకే పువ్వు.

మేస్త్రి కౌంటరాయన కాళ్లావేళ్లా పడి పాత జవాబుల కాగితం తీయించాడు. ఐదో జవాబుగా 'ఏడు పని దినాల్లో' అని టైపు కొట్టి ఉంది. దాని మీద అడ్డంగా ఎర్ర సిరా గీత, పక్కన లోపలి సారు చేతిరాత, 'ఈ మాట ఎవరిచ్చారు?' ప్రశ్నలు గోడెక్కిన సాయంత్రం సారు జవాబు కొట్టేశారు. ప్రశ్న మాత్రం గోడ మీదే ఉండిపోయింది. మర్నాడు మేస్త్రి కొట్టేసిన దాన్ని వదిలేసి, చదవకుండా, మిగిలినవన్నీ వరసగా దించాడు.

రెండు తలుపులు దాటి వెళ్లి తప్పు ఒప్పుకున్నాడు. లోపలి సారు ఓపిగ్గానే విన్నారు.

"అది నేను సంతకం పెట్టిన గోడ మేస్త్రీ. ఊరికే దిద్దడానికి లేదు. దిద్దుబాటుకు దరఖాస్తు పెట్టు."

"పెడితే ఎన్ని రోజుల్లో అవుతుంది సార్?"

"గోడ మీద లేదూ?" అన్నారు సారు.

మేస్త్రి బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. గడువు ఇంకా ఒక్క రోజు. పందొమ్మిది జవాబులు చెరిపి మళ్లీ రాయాలంటే నాలుగు రోజుల పని, పైగా అనుమతి లేదు. తన చేతి వంకర వల్ల కాదు, చెయ్యి తిన్నగా ఉండడం వల్ల అక్క బండి పోతోంది. ఇది ఎవరికి చెప్పుకోవాలో కూడా గోడ మీద లేదు. వెనక్కి తిరిగి, ఇంకేం చేయాలో తోచక, మళ్లీ చదవసాగాడు. పద్దెనిమిదో ప్రశ్న దగ్గర ఆగాడు. 'ప్రభుత్వ గోడల మీద రాయడానికి అనుమతి కావాలా?' దాని కింద, 'అవసరం లేదు. పగటిపూట చేసుకోవచ్చు. నిచ్చెన దారికి అడ్డం పెట్టరాదు.' అది సొంతింటి సున్నం గురించి పందొమ్మిదో ప్రశ్నకు చెప్పిన జవాబని ఇప్పుడాయనకు తెలుసు. తెలిసినా, సారు సంతకం కింద ఉంది మరి.

అప్పుడే ఇంకోటి కనిపించింది. కుక్క ప్రశ్నకు అసలు జవాబు దానికి సరిగ్గా నెత్తి మీదే ఉంది. మధ్యలో ఉన్నదల్లా ఒక నల్ల గీత. తప్పు రాతలో లేదు, గీతల్లో ఉంది. గీతలంటే ఆయన సొంత సరుకు.

పదిహేనో రోజు పొద్దున నిచ్చెనను దారికి అడ్డం రాకుండా వేసుకుని, జవాబుల కింద ఉన్న పందొమ్మిది గీతలకు తెల్ల రంగు పూసి, ప్రశ్నల కింద పందొమ్మిది కొత్త గీతలు లాగాడు. రెండు గంటల పని. ఇప్పుడు ఆరో ప్రశ్న నుంచి ఒక్కో గడిలో ముందు జవాబు, దాని కింద ప్రశ్న. ఐదో ప్రశ్న మాత్రం తన గడిలో ఒంటరిగా మిగిలింది.

అక్క సంచితో వచ్చి చూసింది. "ఇదేంట్రా, జవాబు ముందూ ప్రశ్న తర్వాతానా?"

"ఈ ఆఫీసులో ఎప్పుడూ అంతే కదక్కా."

కౌంటరాయన కళ్లద్దాలు పైకి తోసి గోడ వంక చూశాడు, అక్క కాగితాల వంక చూశాడు, మళ్లీ గోడ వంక చూశాడు. నిన్నటికీ ఇవాళ్టికీ ఏదో తేడా ఉందని ఆయన ముఖం చెబుతోంది. ఆ తేడా ఏమిటో ఆయనకు అందలేదు. సారు సంతకం మాత్రం అక్కడే ఉంది.

"కొలతలు, రెండు పక్కల సంతకాలు. సరే. గోడ మీద ఉందిగా," అని రసీదు రాసిచ్చాడు.

"కాగితం ఎప్పుడొస్తుంది నాయనా?"

ఆయన అలవాటుగా ఐదో గడి వంక చూశాడు. ప్రశ్న ఒక్కటే ఉంది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. "దానికి జవాబు లేదమ్మా," అన్నాడు, తనే మొదటిసారి తెలుసుకున్నట్టు.

మధ్యాహ్నం బండ్లు ఎత్తే వ్యాను వచ్చేసరికి అక్క కాలర్ల పని మీద ఉంది. వ్యాను మనిషి రసీదు అటూ ఇటూ తిప్పాడు.

"ఇది రసీదమ్మా. అనుమతి ఏది?"

"వస్తుంది."

"గడువు ఇవాళ్టితో ఆఖరు."

"నా గడువు ఆఖరు. మీ గడువు ఎప్పుడో? వెళ్లి ఐదో నంబరు చదువుకుని రా. అందులో ఎన్ని రోజులంటే అన్ని రోజులు దాటాక బండి ఎత్తుకుపో, నేనే సాయం పడతాను."

అతను నిజంగానే వెళ్లాడు. అరగంట తర్వాత తిరిగొచ్చి వ్యాను తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఎన్ని రోజులో లేనప్పుడు ఆ రోజులు దాటాయని ఎలా రాయాలో అతనికి పాలుపోలేదు. ఫారంలో దానికి గడి లేదు. చివరికి తన చొక్కా ఒకటి ఇస్త్రీకి ఇచ్చి వెళ్లిపోయాడు.

బండి ఇప్పటికీ ఆ రసీదు మీదే నడుస్తోంది. లోపలి సారు ఐదో గడిలో ఏదైనా రాయమని ఒకసారి కబురు పెట్టారు. "ఏం రాయాలో కాగితం మీద పెట్టి పంపండి సార్," అని మేస్త్రి తిరిగి కబురు పెట్టాడు. ఆ కాగితం ఇంకా రాలేదు. రావద్దని అక్క రోజూ కోరుకుంటోంది.

మేస్త్రి ఈ మధ్య చదివి రాస్తున్నాడు. మొన్న అక్క బండికి చిన్న బోర్డు రాసిచ్చాడు. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది.

"ఏంట్రా, అక్షరాలు వంకరగా వచ్చాయి?"

"చదివానక్కా," అన్నాడు మేస్త్రి.